పురుగులో గొర్రె

ఆ రోజుకి సిద్దిరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరు లేవకముందే ల్యాబుకు వెళ్ళాలి. అక్కడ తనతో పనిచేసే ఇఖ్రా ట్యూబును ఒక్కసారి చూడాలి. ఎవరి కంటా పడకుండా ఇంటికి తిరిగొచ్చి, స్నానం చేసి, భార్య వనజ చేసిన ఉప్మా తిని, ఏమీ ఎరగనివాడిలా ఆఫీసు టైముకు మళ్ళీ ల్యాబులో కనిపించాలి. ఈ మాత్రం దానికి చొక్కా ఎందుకని, చిరుగుల బనీను మీదే వనజ అల్లిన ఉన్ని స్వెటరు తొడుక్కుని, మంకీ టోపీ దించుకుని బయలుదేరాడు. ఆదిలాబాద్‌లో డిసెంబరు పొద్దు అంటే మాటలు కాదు. జిన్నింగ్ మిల్లు ముందు పత్తి లారీలు వరుసకట్టి ఉన్నాయి. వాటి డ్రైవర్లు చలిమంట చుట్టూ కూచుని మరాఠీలో ఎవరినో తిట్టుకుంటున్నారు.

సిద్దిరాములు సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టాడు. వాళ్ళ బాపు నేసిన చీరల మీది చారలు చూస్తూ పెరిగాడు. పెద్ద చదువు చదివి పత్తి పురుగుల పరిశోధన కేంద్రంలో చేరాక కూడా అతని బతుకు చారల మీదే నిలబడింది. పత్తికాయను తొలిచే గులాబీ పురుగుల్లో కొన్ని మందు కొడితే చస్తాయి, కొన్ని చావవు. మెత్తవి వానాకాలంలో దొరుకుతాయి, మొండివి పంట ఆఖరున, చలికాలంలో దొరుకుతాయి. వాటిని నూరి, ఆ రసాన్ని జెల్లు అనే పలుచని పలక మీద నడిపిస్తే అందులోని ప్రోటీన్లు చారలు చారలుగా విడిపోతాయి. మెత్తవాటిలో లేని ఒక చార మొండివాటిలో ఉందని కనిపెట్టింది సిద్దిరాములే. అది ఏ ప్రోటీనో ఎవరికీ తెలియదు గానీ, ఏటా చలికాలం రాగానే ఠంచనుగా కనిపించేది. పెద్ద మేడం రమ గారు మీటింగుల్లో దాన్ని ‘సిద్దిరాములు చార’ అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా అతను కాలరు సర్దుకునేవాడు.

అలా సుఖంగా సాగుతున్న కాలంలో ఇఖ్రా వచ్చింది. ఆదిలాబాద్ పిల్లే, హైదరాబాద్‌లో చదువుకుని సొంతూరికి తిరిగొచ్చింది. వచ్చిన వారంలోనే మీటింగులో లేచి నిలబడింది.

“రెండు తీర్ల పురుగులను వేరే వేరే దినాల, వేరే వేరే జెల్లుల మీద నడిపిస్తే ఎట్ల పోలుస్తం సార్? ఒక దినం అయిన తప్పు ఇంకో దినం కాదు గద” అంది.

మర్యాదగానే అంది. మర్యాదగా అన్నందుకే అతనికి ఇంకా కడుపు మండింది.

ఆమె పద్ధతి వేరు. మొండి పురుగులకు పెట్టే మేతలో లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చేసింది. ఈ కొత్త లైసిన్‌లోని కార్బన్, నైట్రోజన్ పరమాణువులు మామూలు వాటికంటే పిసరంత బరువు. అందులో విషం లేదు, రేడియేషన్ లేదు, తినే పురుగుకు తేడా కూడా తెలియదు. అది తిని పెరిగి, గుడ్లు పెట్టి, వాటి పిల్లలూ అదే తిన్నాక వాటి ఒంట్లోని ప్రతి ప్రోటీనూ ఆ పిసరంత బరువును మోస్తుంది. మెత్త పురుగులకు మామూలు మేతే. ఆ తర్వాత రెండింటి రసాన్నీ సమానంగా ఒకే ట్యూబులో కలిపేస్తారు. కరీంనగర్‌లో ప్రోటీన్ ముక్కల బరువు తూచే యంత్రం ఒకటి ఉంది. ఆ ట్యూబును అక్కడికి తీసుకెళ్ళి ఆ యంత్రానికి ఇస్తే, ప్రతి ప్రోటీనూ తెర మీద రెండు శిఖరాలుగా లేస్తుంది. ఒకటి తేలిక పురుగుది, పక్కనే బరువు పురుగుది. ఏ శిఖరం ఎత్తుగా ఉంటే ఆ పురుగులో ఆ ప్రోటీను ఎక్కువన్నమాట.

ఇదంతా సిద్దిరాములుకు అర్థం కాక కాదు. అర్థమైంది కాబట్టే నిద్ర పట్టలేదు.

అసూయ మొదట మేత మీద పడింది. ఆమె పురుగులకు విదేశాల నుంచి సీసాలో మేత వస్తుంది, తన పురుగులకు శనగపిండి. తర్వాత మేడం మీద పడింది. మేడం రోజూ పొద్దున ఇఖ్రా పెంపుడు పిల్లి క్షేమం కనుక్కుంటారు, ఫోనులో దాని ఫోటోలు చూసి మురిసిపోతారు. అతని కూతురు ఏ క్లాసు చదువుతోందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఇక బతుకమ్మ పండుగ అయిన దగ్గర్నుంచీ, ఎవరూ లేనప్పుడు ఇఖ్రా బల్ల దగ్గరికి వెళ్ళి డబ్బాల మూతలు తీసి తొంగి చూడడం అతనికి అలవాటైంది. ఆమె పురుగులు తన పురుగులకంటే లావుగా ఉన్నాయేమోనని అతని బెంగ.

దానికి తోడు మేడం ఒక మెలిక పెట్టారు. కొత్త ప్రాజెక్టు వస్తోంది, దానికి ఒక్కరే పెద్ద. సిద్దిరాములు తన చారను జెల్లు నుంచి కోసి ఒక ట్యూబులో పెట్టాలి, ఇఖ్రా తన మిశ్రమాన్ని ఒక ట్యూబులో పెట్టాలి. రెండింటినీ ఒకే ఐసు డబ్బాలో ఇఖ్రా కరీంనగర్ యంత్రం దగ్గరికి తీసుకెళ్తుంది. పురుగు మొండితనానికి కారణం ఏ ప్రోటీనో ఎవరి ట్యూబు తేల్చి చెబితే ప్రాజెక్టు వాళ్ళది. ఇన్నేళ్ళ చార మీద నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల పెత్తనం చేస్తుందేమోనన్న ఊహకే అతనికి అన్నం సయించడం మానేసింది.

ఆ పొద్దున ల్యాబులో ఐసు డబ్బా కరీంనగర్ ప్రయాణానికి సిద్ధంగా ఉంది. అందులో అతని ట్యూబు పక్కనే ఇఖ్రా ట్యూబు ఉంది. చూసి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ లేదు. సిద్దిరాములు ట్యూబు తీసి మూత విప్పి, టోపీ, స్వెటరుతో సహా దాని మీదికి వంగి చూశాడు. నీళ్ళలా ఉంది. ‘దీనికేనా ఇంత హంగామా’ అనుకునేలోపు, చలికి కొయ్యబారిన వేళ్ళలోంచి ట్యూబు జారింది. పట్టుకున్నాడు గానీ అప్పటికే సగం బల్ల మీద ఉంది.

ఏం చేయాలో తోచక, పక్కనే సీసాలో ఉన్న ఉప్పునీటి ద్రావణాన్ని ట్యూబులో గీత దాకా పోసి, మూత బిగించి, బల్లను స్వెటరు చేత్తోనే తుడిచేశాడు. ట్యూబును డబ్బాలో పెట్టి మూత వేస్తుండగా తలుపు తెరుచుకుంది. ఐసు ముక్కల సంచీతో ఇఖ్రా నిలబడి ఉంది. నల్లటి షాలు కప్పుకుంది, దాని మీద తెల్లటి పిల్లి వెంట్రుకలు అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి.

“సార్, మీరేంది గింత పొద్దుగాల?”

డబ్బా అతని రెండు చేతుల్లో ఉంది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, నోటికొచ్చింది అన్నాడు.

“నేను గూడ కరీంనగర్ వస్త అమ్మా. ఒక్క పిల్లవు, గింత దూరం, ఇంత డబ్బా పట్టుకొని ఎట్ల పోతవ్?”

ఇఖ్రా కళ్ళు పెద్దవయ్యాయి. వెనకే వచ్చిన రమ మేడం ముఖమైతే వెలిగిపోయింది.

“ఇదీ పెద్దరికం అంటే. చూశావా ఇఖ్రా? పోటీ పోటీయే, సాయం సాయమే. బస్సుకు టైమైంది, ఇద్దరినీ నా కారులో స్టాండు దగ్గర దింపుతాను, పదండి.”

“మేడం, నేను ఇంటికి పోయి జర...”

“ఇంటికి వెళ్తే బస్సు పోతుంది సిద్దిరాములూ.”

అలా సిద్దిరాములు బనీను మీద స్వెటరుతో కరీంనగర్ బస్సెక్కాడు. డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇఖ్రా ఎంత అడిగినా ఇవ్వలేదు. ఆమె చేతికిస్తే మూత తీస్తుంది, తీస్తే ట్యూబు మీద తడి చూస్తుంది. ఆ పిల్ల మాత్రం నిర్మల్ ఘాట్ దిగుతుండగా మేడానికి ఫోన్ చేసి, “సార్ డబ్బను పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నడు మేడం” అని చెప్పింది. మనసు కూడా తనకంటే ఆమెదే మంచిదని తెలిసి అతనికి మరింత ఒళ్ళు మండింది.

ఇంతలో అతని ఫోను మోగింది. వనజ.

“ఏడున్నవయ్యా? ఉప్మా ఎండి పలకైంది.”

“కరీంనగర్ బస్సుల ఉన్న.”

“ఎవరితోని?”

“ఇఖ్రాతోని.”

“అంగీ ఏసుకోకుంటనా?”

పక్కన ఇఖ్రా ఉండగా సిద్దిరాములు గొంతు తగ్గించి, “అర్జంటు పని వనజా, వచ్చినంక చెప్త” అన్నాడు.

“నిద్రల గూడ ఇఖ్రా, ఇఖ్రా అని కలవరిస్తుంటే పని ఫికర్ అనుకున్న. మంచిది” అని ఆమె ఫోను పెట్టేసింది. వనజ ‘మంచిది’ అందంటే అందులో మంచి ఏమీ ఉండదని పెళ్ళైన కొత్తలోనే అతనికి తెలిసింది. నిద్రలో కలవరించింది ఆమె పురుగుల లావు గురించని ఇప్పుడు చెప్పినా నమ్మదు.

కరీంనగర్‌లో దిగేసరికి ఎండ చుర్రుమంటోంది. చెమట స్వెటరు లోపల కాలువలు కట్టింది. “ఇప్పుండ్రి సార్, ఇక్కడ చలి లేదు గద” అని ఇఖ్రా అంటే, చిరుగుల బనీను గుర్తొచ్చి, “ఒంట్ల జరంత జ్వరమున్నట్టుంది” అన్నాడు. ఆ అబద్ధం కూడా ఊరికే పోలేదు. యంత్రం గది చల్లగా ఏసీలో ఉంది. లోపలికెళ్ళి ప్రాణం లేచొచ్చి కూచోగానే, యంత్రం నడిపే ముకర్రం భాయ్‌కి ఇఖ్రా అతని జ్వరం సంగతి చెప్పింది. ముకర్రం చాలా దయగల మనిషి.

“జ్వరం ఉన్నోళ్ళు ఏసీల కూసోవద్దు సార్. పరేషాన్ కావద్దు, బయట మంచి ఎండ ఉన్నది” అని చేయి పట్టుకుని తీసుకెళ్ళి వరండాలో ఎండ పడే బెంచీ మీద కూచోబెట్టాడు. ఇఖ్రా ఒక మాత్ర ఇచ్చి మింగేదాకా నిలబడింది.

యంత్రం తన పని చేసుకుంటున్నంతసేపూ సిద్దిరాములు ఎండలో ఉడుకుతూ తనను తాను ఓదార్చుకున్నాడు. ఎలాగూ ఆమె ట్యూబులో సగం నీళ్ళే. ఏమీ తేలదు. తన చారకు ఒక పేరు వస్తే చాలు, ప్రాజెక్టు తనది. ఆ పిల్ల ఏడుస్తుంది పాపం. అప్పుడు తను పెద్దమనిషిలా నాలుగు మంచి మాటలు చెబుతాడు. ఆ మాటలు కూడా ఎంచి పెట్టుకున్నాడు.

చివరికి లోపలికి పిలిచారు. రమ మేడం ఫోను స్పీకరులో ఉన్నారు.

“ఇఖ్రా బేటీ, మస్తుగొచ్చినయ్” అంటూ ముకర్రం తెర చూపించాడు. ప్రతి ప్రోటీనూ జంట శిఖరాలుగా, అన్నదమ్ముల్లా పక్కపక్కన లేచి ఉంది. దాదాపు అన్ని జంటలూ సమానమైన ఎత్తులో ఉన్నాయి. ఒక్క జంట దగ్గర మాత్రం బరువు శిఖరం తాటిచెట్టంత లేచింది, తేలికది దాని మొదట్లో గడ్డిపోచలా ఉంది. “గిదే మేడం మీ మొండి పురుగు మందును అరిగించుకునే ప్రోటీను.”

సిద్దిరాములు తెర మీదికి వంగాడు. సగం ఒలికినా ఇదెలా వచ్చిందో అతని బుర్రకు ఎక్కలేదు.

“కానీ ఒక్క మాట” అని ముకర్రం కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “గొర్రె వచ్చింది.”

“ఎక్కడికి?” అన్నారు ఫోనులో మేడం.

“పురుగులకు. మొన్న దసరా నుంచి మీరు పరీక్షకు పంపిన ట్యూబులన్నిట్ల జరజర ఉన్నదే. ఇయ్యాల మరీ మస్తున్నది.”

ఇఖ్రా ముఖం పాలిపోయింది. మేతలో కల్తీ జరిగిందేమో, అదే నిజమైతే ఇన్నాళ్ళు పెంచిన పురుగులన్నీ దండగేనని అంది. సిద్దిరాములుకు కడుపులో చల్లగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

“మేత కాదు బేటీ” అన్నాడు ముకర్రం. “పురుగుల నుంచి వచ్చిన ప్రతిదానికి పక్కన జంట ఉన్నది. గీ గొర్రెకు జంట లేదు, తేలికది ఒక్కటే నిలబడ్డది. అంటే బయట నుంచి వచ్చి ట్యూబుల పడ్డది. గిది బొచ్చుల ఉండే ప్రోటీను. ఉన్ని.”

గదిలో అందరి చూపూ నెమ్మదిగా ఒకే చోటికి వచ్చి ఆగింది. కరీంనగర్ ఎండలో ఉన్ని స్వెటరు వేసుకున్నవాడు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు.

“ఇది ఉన్ని కాదు” అన్నాడు సిద్దిరాములు. “ఏక్రిలిక్. బజార్ల కొన్నది.”

“ఏందీ?”

గుమ్మంలో వనజ నిలబడి ఉంది. చేతిలో ఇస్త్రీ చేసిన చొక్కా ఉన్న సంచీ. వెనక బస్సు పట్టుకుని, అడ్రసు అడుక్కుంటూ వచ్చింది. ఇఖ్రాను పైనుంచి కిందిదాకా చూసి తేల్చుకుందామనే వచ్చింది గానీ, ఆ మాట చెవిన పడ్డాక ఇఖ్రా సంగతే మరిచిపోయింది.

“బజార్ల కొన్నవా? ఇచ్చోడ అంగట్ల కుర్మవ్వ దగ్గర గొర్రెబొచ్చు దారం ఏరికోరి తెచ్చి, మెడలు పడిపోంగ అల్లితే, ఏక్రిలిక్ అంటవా? చూడుండ్రి సార్” అని ముకర్రం ముందుకెళ్ళి, మొగుడి చేతిని లాగి స్వెటరు అంచు చూపించింది. “ఇది అచ్చమైన గొర్రె. వాసన చూడుండ్రి.”

ముకర్రం వాసన చూడలేదు. అవసరం లేదన్నాడు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. సిద్దిరాములు బల్ల వైపు చూస్తూ మొత్తం చెప్పేశాడు. రోజూ తొంగి చూసింది, పొద్దున ట్యూబు జారింది, నీళ్ళు పోసింది, అన్నీ. “నీ కష్టం సగం పారబోసిన అమ్మా” అన్నాడు. ఇఖ్రా కోపగిస్తుందని ఎదురుచూశాడు.

“సగం పోతే ఏం కాదు సార్” అంది ఆమె నెమ్మదిగా. “కలిపినంక ఏది ఒల్కినా రెండిట్లకెళ్ళి సమానంగనే ఒల్కుతది. నీళ్ళు కలిసినా గంతే. లెక్క మారది.”

ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది. చెడగొట్టడానికి కూడా వీలులేని పద్ధతి అది.

“సరే, సిద్దిరాములు చార సంగతేంటి?” అన్నారు మేడం గట్టి గొంతుతో.

ముకర్రం రెండో ట్యూబు ఫలితం తెరిచి, ఒకసారి గొంతు సవరించుకుని, వనజ వైపు మర్యాదగా చూశాడు. “దీంట్ల పురుగు శాన తక్కువ మేడం. చారంత గొర్రెనే.”

సిద్దిరాములుకు ఒక్కొక్క సంగతీ కళ్ళముందుకు వచ్చింది. మెత్త పురుగులు వానాకాలంలో. మొండి పురుగులు చలికాలంలో. చలికాలంలో స్వెటరు. ఇన్నేళ్ళుగా మీటింగుల్లో అందరూ మెచ్చుకున్నది, అతని పేరు పెట్టుకున్నది, అతను కాలరు సర్దుకున్నది ఇచ్చోడ అంగట్లోని ఒక గొర్రె వల్ల. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నిజం నీళ్ళే. వనజ అతని చేతిని వదల్లేదు.

“ఇంకోటి గూడ ఉన్నది” అన్నాడు ముకర్రం. “గీ సార్ ట్యూబుల పిల్లి ఉన్నది.”

“మా ఇంట్ల పిల్లి లేదు” అంది వనజ వెంటనే.

ఇఖ్రా షాలును ఒంటికి దగ్గరగా లాక్కుంది. దాని మీది తెల్లటి వెంట్రుకలు అప్పుడు అందరికీ కనిపించాయి. ఆమె నేల చూస్తూ అంది:

“మీటింగులల్ల అందరు మీ చార గురించే మాట్లాడుతరు సార్. మీ పేరు పెట్టిండ్రు దానికి. నా పేరుతోని ఏమున్నది? గది ఏం ప్రోటీనో మీకంటె ముందే ఎరుక చేసుకోవాలని, మీరు లేనప్పుడు మీ జెల్లులు తీసి చూసిన. శాన సార్లు చూసిన.”

ఫోనులో మేడం ఒక నిట్టూర్పు విడిచారు. “ప్రాజెక్టు ఇఖ్రాది. పురుగుల పెంపకం సిద్దిరాములుది, ఆయన పెంచినట్టు ఇంకెవరూ పెంచలేరు. రేపటి నుంచి ల్యాబులోకి ఉన్ని రావద్దు, పిల్లి వెంట్రుకలు రావద్దు. ఇంకొకరి మూతలు ఇంకొకరు తీయవద్దు.” ఫోను పెట్టేశారు.

తిరుగు బస్సులో ముగ్గురూ ఒకే సీటులో కూచున్నారు, మధ్యలో వనజ. సిద్దిరాములు ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు, స్వెటరు పై అరలో, సంచీలో ఉంది. వనజ ఇఖ్రాకు పల్లీలు పెట్టి, పిల్లి ఏం తింటుందో, ఎన్ని పిల్లల్ని పెట్టిందో అడిగి తెలుసుకుంది. ప్రాజెక్టు పోయింది, చార పోయింది. ఆ బాధ కొంచెం సర్దుకున్నాక, అసలు బాధ ఇంకొకటి అతని లోపల కదలడం మొదలుపెట్టింది. ఉండబట్టలేక వనజ మీదుగా వంగి అడిగేశాడు.

“ఇఖ్రా, నీ ట్యూబుల గొర్రె మస్తుగ ఉన్నది. నా ట్యూబుల పిల్లి జరంతనే ఉన్నది. అంటే మరి కుళ్ళు నాకే ఎక్కువ...”

“అట్ల పోల్చద్దు సార్” అంది ఇఖ్రా, పల్లీలు ఒలుస్తూ. “రెండు వేరే వేరే ట్యూబులు, వేరే వేరే దినాలు. గొర్రెకు బరువు మేత పెట్టలే, పిల్లికి పెట్టలే. ఎవలది ఎక్కువో, ఎవలది తక్కువో చెప్పలేం.”

ఇఖ్రా పద్ధతి చాలా గొప్పదని సిద్దిరాములు జగిత్యాల దాటకముందే మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు.